మందు ఆగకూడదు, ఆపరేషన్ ఆగొచ్చు

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

పాప జననాంగం ఆకారం సరిచేసే ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా అని అడిగావు కదా, రిపోర్టులు చూశాను. పాపకి గర్భసంచి, అండాశయాలు చక్కగా ఉన్నాయి. కడుపులో ఉండగా మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథి మగ హార్మోను ఎక్కువ తయారుచేయడంతో క్లిటోరిస్ (యోనిద్వారం పైనుండే చిన్న భాగం) పెద్దదైంది. పుట్టుకతో వచ్చే ఈ అడ్రినల్ జబ్బునే సీఏహెచ్ అంటారు. దాని ఆకారంవల్ల ప్రాణానికి ఏమీ కాదు. భయమల్లా ఒంట్లో ఉప్పు పోవడం గురించే. అది సాధారణంగా పుట్టిన రెండు మూడు వారాల్లోపే వస్తుంది, మీరు బారసాల హడావిడిలో ఉండే రోజులవి. పాప పాలు తాగకపోయినా, వాంతులై మగతగా పడున్నా ఆలోచించకుండా ఆస్పత్రికి పరిగెత్తండి. అడ్రినల్ గ్రంథి సరిగా తయారుచేయలేని హార్మోన్ల బదులు ఇచ్చే మందులు హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ ఒక్క పూట కూడా తప్పనివ్వకు. జ్వరమొస్తే డోసు ఎంత పెంచాలో ఇప్పుడే రాయించుకో.

ఇక ఆపరేషన్. పిల్లల వార్డులో నర్సుగా చేసినదాన్ని కాబట్టి చెప్తున్నాను, డిశ్చార్జి రోజున కుట్లు ఎంత బాగున్నా అది ఫలితం కాదు. స్పర్శ మిగిలిందా, నెలసరి సాఫీగా వస్తోందా, కాపురానికి వెళ్లాక నొప్పి ఉందా అన్నది ఇరవై ఏళ్లకి గానీ తేలదు. 2001లో లండన్ డాక్టర్లు చిన్నప్పుడే ఈ ఆపరేషన్లు జరిగిన 44 మంది అమ్మాయిల్ని పరీక్షించారు. 18 మందికి ఆకారమే సరిగ్గా కుదరలేదు, 43 మందికి మళ్లీ ఏదో ఒక చికిత్స కావాల్సొచ్చింది. ఇప్పుడు నరాలు కాపాడుతూ చేస్తున్నామంటారు. చిన్నప్పుడే అయిపోవడం మేలనే ఆడవాళ్లూ ఉన్నారు, కాదనను. అయినా సర్జన్‌ని మొహమాటపడకుండా అడుగు: "మీరు చేసిన పిల్లలకి ఇప్పుడెంత వయసు సార్? పెద్దయ్యాక వాళ్లని మళ్లీ చూశారా?" జవాబు దాటేస్తే సంతకం పెట్టకు. చిన్నపిల్లకి యోనిమార్గం సాగదీసే చికిత్స యుక్తవయసు రాకముందు చేయకూడదని 2006లోనే నిపుణులంతా కూర్చుని రాశారు, అది ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. మూత్రం అడ్డుపడుతున్నా, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తున్నా మాత్రం దారి వేరు, అప్పుడు డాక్టరు మాట విను.

2019లో మద్రాసు హైకోర్టు తీర్పు మేరకు తమిళనాడు ప్రభుత్వం, ప్రాణాపాయం ఉంటే తప్ప పసిపిల్లలకి ఇలాంటి ఆపరేషన్లు చేయొద్దని ఉత్తర్వు ఇచ్చింది. మీ ఆయనకి ఈ సంగతి చెప్పు, నిర్ణయం ఆయన ఒక్కరిదీ కాదు, నీ ఒక్కదానిదీ కాదు.

నీళ్లు పోసే ఆవిడ చూస్తుందనీ, ఊరంతా చెప్తుందనీ మీ అత్తగారు కంగారుపడుతున్నారని రాశావు. కొన్నాళ్లు నువ్వే పోసుకో, లేదా మీ అమ్మని రమ్మను. నలుగురి నోళ్లకి భయపడి పసిదాని ఒంటిమీద కత్తి పెట్టించకు. అత్తగారితో నేను మాట్లాడతాను, ఫోన్ ఇవ్వు.

మందుల చీటీ జిరాక్స్ తీయించి నాకొకటి పంపు.

మీ పెద్దమ్మ