గులాబీ రంగు సీసా

అమ్మడూ,

సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటులో షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. మనింట్లో ఇంకెవరూ ఈ ఉప్పు చాకిరీలోకి రారనే అనుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషమో భయమో తేలక లేచి కూర్చుని ఇది రాస్తున్నాను.

చదువుకున్న సంగతులు నీకు చెప్పక్కర్లేదు. లోపలికొచ్చే నీళ్లలో సన్న మురికిని కొలిచే ఎస్‌డీఐ 3 దాటనివ్వకు. ప్లాంటు ఆపిన ప్రతిసారీ మంచినీళ్లతో ఫ్లష్ చేయించు. అంతే.

ఇక నేను చేసిన వెధవ పని విను. నేను పని నేర్చింది సెల్యులోజ్ అసిటేట్ మెంబ్రేన్ల మీద, అంటే ఉప్పుని ఆపి నీళ్లని వదిలే పాతకాలం పొరల మీద. 1960 ప్రాంతంలో లోబ్, సౌరిరాజన్ అనే శాస్త్రవేత్తలు తయారుచేసిన రకం. నీళ్లలో క్రిములు చావడానికి వేసే క్లోరిన్‌ని అవి కాస్తో కూస్తో ఓర్చుకునేవి. తరవాత పాలిఅమైడ్ మెంబ్రేన్లు వచ్చాయి, నా చేతి అలవాటు మాత్రం పాతదే. వీటికి క్లోరిన్ విషం. అందుకే ముందుగా బైసల్ఫైట్ అనే మందు వేసి దాన్ని విరిచేస్తాం. ఒకసారి ఆ మందు పోసే డోసింగ్ పంపు వాల్వులో అది గడ్డకట్టింది. పంపు మాత్రం టక్కు టక్కుమంటూనే ఉంది. రోజూ కలపాల్సిన మందు రెండు రోజులకోసారి కలిపితే చాలుతోంది. పొదుపే కదా అని మురిసిపోయాను! క్లోరిన్ మిగిలిపోతోందని చెప్పే ఓఆర్‌పీ అలారం మోగితే, దానికి పనేముందని నోరు నొక్కేశాను.

మూడు వారాలకి ఫీడ్ ప్రెషర్ తగ్గింది, నీళ్లు ఎక్కువొస్తున్నాయి. లాగ్‌బుక్‌లో ‘పనితీరు బాగుంది’ అని నా చేత్తో నేనే రాశాను. వచ్చే నీళ్లలో ఉప్పెంతుందో చెప్పే కండక్టివిటీ పెరుగుతుంటే మీటరుదే తప్పన్నాను. మెంబ్రేన్ పొరని క్లోరిన్ తినేసి నీళ్లతో పాటు ఉప్పూ దాటుతోందని తట్టలేదు. చివరికి కొత్తగా చేరిన కుర్రాడొకడు, నన్ను అడక్కుండానే, మెంబ్రేన్ ముందు నీళ్లు పట్టి క్లోరిన్ ఉంటే రంగు తేల్చే డీపీడీ పొడి వేసి ఊపాడు. రంగు రాకూడని సీసా గులాబీ అయింది. వాడు నా మొహం చూశాడు. నేను సీసానే చూస్తూ నిలబడ్డాను.

క్లోరిన్ తిన్న మెంబ్రేన్ కడిగితే బాగుపడదు. ఒక వరస మొత్తం మార్చాం. అన్నాళ్లూ సగం నీళ్లే పంపాం. ఎవరింట్లో బిందె ఖాళీగా ఉందో నాకు తెలీదు గానీ, ఆ బిందె ఇప్పటికీ కలలోకొస్తుంది. అంకెలు ఉన్నట్టుండి బాగుపడ్డాయా, లేచి వెళ్లి చూడు. కుర్చీలో కూర్చుని సంబరపడ్డావో, నేనే వచ్చి చెవి మెలేస్తాను.

చిన్నప్పుడు మా ప్లాంటు నీళ్లు తాగి ‘చప్పగా ఉన్నాయి పెదనాన్నా’ అని మొహం చిట్లించేదానివి. నీ నాలుకే నయం. ఖనిజాల్లేని ఆ నీళ్లు పైపుల్ని కూడా తినేస్తాయి. సున్నం కలిపే దగ్గర అశ్రద్ధ వద్దు. మంచినీళ్లు తీశాక మిగిలే బ్రైన్‌ని కూడా అంతే, ఎలా పోతే ఏంలే అనుకోకు. దాదాపు రెట్టింపు ఉప్పు అది. సముద్రంలో చెదిరి కలిసేలా వదలాలి. అడుగున పేరుకుంటే అక్కడి జీవాలకు ఊపిరాడదు.

వెయ్యి లీటర్లకి 3, 4 యూనిట్ల కరెంటు పోసి తీసిన నీళ్లు పైపు లీకుల్లో పోతుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. వానలు పడితే మాత్రం మన ప్లాంటే దండగ అంటారు. మెల్‌బోర్న్‌లో అంత పెద్దది కట్టి 2012లో పూర్తిచేసేసరికి కరువు తీరిపోయింది. కొన్నేళ్లు ఊరికే ఉంచారు. నీకూ అలాంటి మాటలు పడాల్సొస్తే పట్టించుకోకు, మెంబ్రేన్లు ఎండిపోకుండా చూసుకో.

అసలు భయం ఇంకోటుంది. అరవై బార్ల ఒత్తిడి ఉండే పైపు పక్కన క్లాంపు చెమ్మగా కనిపిస్తే చెయ్యి పెట్టి చూడకు. ముందు లైను ఆపించు. సముద్రపు నీళ్లు తీసుకునే ఇన్‌టేక్ గోతిలోకి గాలి పరీక్ష చేయకుండా ఎవర్నీ దింపకు. నువ్వసలే దిగకు. రాత్రి షిఫ్టయితే పక్కన ఇంకొకరు లేకుండా డోసింగ్ గదిలోకి వెళ్లకు. పై అధికారి నవ్వితే నవ్వనీ.

మొదటి రోజు డీపీడీ సీసా ఫొటో తీసి పంపు. రంగు లేకుండా ఉందో లేదో నేనూ చూస్తాను. మీ పెద్దమ్మ అన్నం తిన్నావా అని అడగమంటోంది, అది కూడా రాయి.

మీ పెదనాన్న