డ్రైనేజీ పని చెడగొట్టి కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మొన్న వేసవిలో మా ఇంటి మరుగుదొడ్ల లైన్‌ని కాలనీ మురుగు లైన్‌కి కలిపించాం. సామానుతో సహా గుత్తగా 85 వేలకి మాట్లాడుకున్నాం, కొంత ఫోన్‌పే, కొంత చేతికి ఇచ్చాం, బిల్లు లేదు. వాన పడితే చాలు, బాత్రూం ట్రాప్‌లోంచి మురుగు పైకి తన్నుతోంది. కాంట్రాక్టర్ని అడిగితే మెయిన్ లైనే జామ్ అయిందంటాడు, మున్సిపాలిటీ వాళ్లేమో మీ కనెక్షనే తప్పంటారు. వేరే మేస్త్రి మొత్తం తవ్వి కొత్తగా వేస్తానంటున్నాడు. పక్కింటివాళ్లు వాళ్ల నూతి నీళ్లు వాసన వస్తున్నాయని గొడవ. పోలీసు కేసు పెట్టొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ రెండో మేస్త్రిని ఆపండి. మీ కేసుకి అసలు సాక్ష్యం మట్టి కింద ఉన్న ఆ పైపే. ఫొటో అయినా లేకుండా దాన్ని పీకేస్తే, తర్వాత కాంట్రాక్టర్ 'నేను బాగానే వేశాను, వీళ్లే పాడుచేసుకున్నారు' అంటే మీ దగ్గర జవాబుండదు.

తప్పెవరిదో తేల్చడం కష్టమేం కాదు. ఈసారి మురుగు తన్నినప్పుడు వెంటనే వీధిలోని మ్యాన్‌హోల్ మూత తీయించి చూడండి. అందులోనూ నిండి ఉంటే మెయిన్ లైన్‌దే గొడవ, అందులో మామూలుగా పారుతుంటే లోపం మీ లైన్‌లోనే. వీడియో తీసి పెట్టుకోండి. అయితే ఎవర్నీ లోపలికి మాత్రం దింపొద్దు, విషవాయువుతో ప్రాణం పోతుంది, రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపించడం పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం జైలుశిక్ష పడే నేరం కూడా.

లోపం మీ లైన్‌దైతే కాంట్రాక్టర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి: ఏం పని, ఎంత ఇచ్చారు, ఏం జరుగుతోంది, 15 రోజుల్లో సరిచేయకపోతే వేరేవాళ్లతో చేయించి ఖర్చు మీ నుంచే రాబడతాం అని. అదే వాట్సాప్‌లోనూ పెట్టండి. గడువు దాటాక ఒక సివిల్ ఇంజనీర్ని పిలిచి ఆయన ముందే తవ్వించండి. నాలుగంగుళాల పైపుకి సుమారుగా పది అడుగులకి రెండంగుళాల వాలు ఉండాలి, ఎదురువాలు ఉంటే లెవెల్ పట్టగానే తెలిసిపోతుంది. ఆయన సంతకంతో రిపోర్టు తీసుకుని, అప్పుడు రిపేరు చేయించుకోండి. కేసు తేలేదాకా ఆ కంపులో కూర్చోమని ఏ చట్టమూ చెప్పదు.

ఇక కేసు సంగతి. మీది జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాల్సిన వ్యవహారం. ఇంటి నిర్మాణ పని కూడా 'సేవ' కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. గుత్తకి ఇవ్వడం మీకు కలిసొచ్చింది, అదే రోజుకూలికి మనుషుల్ని పెట్టి మీరే దగ్గరుండి చేయించుకుని ఉంటే ఈ దారి దాదాపు మూసుకుపోయేది. బిల్లు లేదని టెన్షన్ వద్దు, ఫోన్‌పే హిస్టరీ, మెసేజీలు, పని జరుగుతుండగా చూసినవాళ్ల మాట, ఇవన్నీ పనికొస్తాయి, ఆ ఫోన్ మాత్రం మార్చకండి. మీరిచ్చిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనూ వేయొచ్చు. ఇచ్చిన డబ్బు, రిపేరు ఖర్చు, పడిన ఇబ్బందికి పరిహారం, మూడూ అడగండి. లోపం బయటపడ్డ నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి, కాంట్రాక్టర్ 'రేపు వస్తా, ఎల్లుండి వస్తా' అంటూ ఆ గడువు కరిగించేస్తాడు, జాగ్రత్త.

మెయిన్ లైన్‌దే తప్పని తేలితే మున్సిపల్ కమిషనర్‌కి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లోనూ ఇవ్వండి. కదలకపోతే శాశ్వత లోక్ అదాలత్ ఉంది, పారిశుద్ధ్య సేవల తగాదాలు అక్కడ తీసుకుంటారు, రాజీ కుదరకపోతే తీర్పు కూడా ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకి ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఫోన్ 15100.

పోలీసు కేసు నిలబడదమ్మా. పని చెడిపోవడం వేరు, మొదట్నుంచీ మోసం చేయాలనే డబ్బు తీసుకోవడం వేరు, రెండోది రుజువు చేయాలి. స్టేషన్ చుట్టూ తిరిగితే కాలం పోవడమే.

పక్కింటివాళ్లతో మాత్రం గొడవ పెంచుకోకండి. మురుగు మీ లైన్‌లోంచే ఊరుతుంటే వాళ్ల నష్టానికి ముందు మీరే జవాబుదారీ, ఆ సొమ్ము తర్వాత కాంట్రాక్టర్ దగ్గర అడగాలి. ఈరోజే వెళ్లి ఆ నూతి నీళ్లు తాగొద్దని చెప్పండి, పరీక్ష మీ ఖర్చుతోనే చేయించండి. ఆ రిపోర్టు కూడా మీ ఫైల్లో ఉండాల్సిందే.