ఇంగ్లండ్ అలాట్‌మెంట్‌లో మన చిక్కుడు పూయకపోతే తప్పు మట్టిది కాదు

"అలాట్‌మెంట్‌లో వేసిన పందిరి చిక్కుడు ఏపుగా పెరిగింది, ఆగస్టు వచ్చినా ఒక్క పువ్వు లేదు, ఏ ఎరువు వేయాలి?" అని ఒకరు అడిగారు. (అలాట్‌మెంట్ అంటే కూరగాయలు పండించుకోడానికి ఇక్కడ అద్దెకిచ్చే నేల ముక్క.) ఏ ఎరువూ వద్దు. డబ్బు దాచుకోండి.

మూడేళ్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాక నాకు సగం ప్లాటు దొరికింది. ఇక్కడి పాత లెక్కలో ఐదు రాడ్లు, మన లెక్కలో 150 గజాలు. అందులో నేను మొట్టమొదట పెట్టింది చిక్కుడే. ఇక్కడే ఉండే ఇంకో తెలుగు కుటుంబం వాళ్లు పొట్లం కట్టి ఇచ్చిన తొమ్మిది గింజలు. ఏప్రిల్ చివర కిటికీలో మొలకెత్తించి, జూన్ మొదటి వారంలో నేలలో నాటి, ఎనిమిదడుగుల వెదురు కర్రలు పాతాను. జులై ఆఖరుకి తీగలు కర్రలు దాటిపోయి, పట్టు దొరక్క ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. కాడలు ఊదారంగు, ఆకు నా అరచేయంత. రోజూ ఫోటో తీసి అమ్మకి పంపేదాన్ని. అమ్మ ఒకటే మాట: "ఆకులు సరే, పూతేదే?"

పశువుల ఎరువు ఎక్కువైందేమో అనుకుని నీళ్లు తగ్గించాను. చివుళ్లు తుంచాను. కట్టెల బూడిద చల్లాను. సెప్టెంబరు చివరి వారంలో, పగలూ రాత్రీ సమానమయ్యాక, ఆకు పంగలో మొదటి మొగ్గల గెల కనిపించింది. అక్టోబరులో పూలు విచ్చాయి. పిందెలు చిటికెనవేలి గోరంత ఉన్నప్పుడు ఒక రాత్రి గడ్డమంచు పడింది. పొద్దున వెళ్లేసరికి ఆకులన్నీ ఉడకబెట్టినట్టు నల్లబడి వేలాడుతున్నాయి. ఒక పిందె గిల్లి చూస్తే లోపల నీళ్లు. ఆ కర్రల మధ్య నిలబడి ఏడ్చేశాను.

సంగతేమిటంటే, మన పాత పందిరి చిక్కుడు రాత్రి నిడివిని లెక్కపెట్టుకునే మొక్క. రాత్రి పొడుగైతేనే పూస్తుంది. మన దగ్గర ఆషాఢంలో గింజ పెడితే చలికాలమంతా కాయ తెంపుతాం, రథసప్తమికి ఆ కాయలతోనే రథం చేస్తాం. ఇక్కడ జూన్‌లో పగలే పదహారు గంటలు దాటుతుంది. దానికి కావలసిన రాత్రి వచ్చేసరికి చలీ వచ్చేస్తుంది. మీరు బస్తాలకొద్దీ పొటాష్ పోసినా పగలు పొట్టిదవదు.

ఇది నేను పరీక్ష చేసి చూసుకున్నదే. మరుసటి ఏడు ఒక మొక్కని కుండీలో పెంచి, తుంచుతూ పొట్టిగా ఉంచి, జులై నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి మెట్ల కింద అల్మారాలో పెట్టి, పొద్దున ఎనిమిదింటికి బయటికి తీశాను. నెల తిరక్కుండా పూసింది. ప్లాటులో దాని తోటి మొక్కలు మాత్రం ఆకులే వేస్తూ కూర్చున్నాయి. నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అందుకే, ఎవరు ఏ సమస్య చెప్పినా "ఫలానా లిక్విడ్ వేయండి" అని సలహా ఇచ్చే వాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. నత్తలకి ఆ పాత నీలం గుళికలు ఇంకా ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని అడిగేవాళ్లు ఒకళ్లు. అందులోని మెటాల్డిహైడ్ అనే విషాన్ని ఆరుబయట వాడటం 2022 వసంతం నుంచి ఇక్కడ నిషేధం. బాగా చీకటి పడ్డాక టార్చి పట్టుకెళ్లి చేత్తో ఏరండి, వారం రోజుల్లో తేడా తెలుస్తుంది.

మీకు కావలసింది కూరకి కాయలైతే, వచ్చే ఏడు రన్నర్ బీన్ వేయండి. గులాబీ, ఊదా కలిసిన రంగు మీద నల్ల మచ్చలుండే పెద్ద గింజ. మెక్సికో, మధ్య అమెరికా కొండల నుంచి వచ్చిన తీగ, చల్లదనం దానికి అలవాటే, గడ్డమంచుకి మాత్రం తట్టుకోదు. మే చివర నాటితే జులై నుంచి అక్టోబరు దాకా కాస్తుంది. పూత రాలుతుంటే మొక్క మొదలు దగ్గర నీళ్లు బాగా పోయండి. రెండు రోజులకోసారి తప్పకుండా కోయండి. జానెడు కూడా కాకముందే కోసి సన్నగా తరిగి, పోపులో మగ్గించి కొబ్బరి చల్లితే చాలు. మా పక్క ప్లాటులో కాయలు ముదిరి తాళ్లలా వేలాడుతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. లోపల గింజ ముదిరిందంటే మొక్క తన పని అయిపోయిందనుకుని పూత ఆపేస్తుంది.

వెలుతురు సంగతి పట్టుబడితే మిగతావీ తేలికవుతాయి. కొత్తిమీర పొడుగు పగళ్లకి పువ్వుకెళ్లిపోతుంది, అందుకని ఆగస్టులో చల్లండి. గోంగూరకి మనకి కావలసింది ఆకే, పూత ఆలస్యమైతే ఇంకా మంచిది. గ్రీన్‌హౌస్ ఉంటే దర్జాగా వస్తుంది.

చిక్కుడే కావాలని పట్టుదల ఉంటే, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొట్టి రకాలకి పగటి నిడివితో పని లేదు. కానీ ఇండియా నుంచి సూట్‌కేసులో గింజలు తేకండి, వాటికి తెగులూ పురుగూ లేవని అధికారులిచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ తప్పనిసరి.

ఇప్పుడున్న తీగని పీకకండి. పూలైనా చూస్తారు. మిగిలిన గింజ ఒకటి ఈ వారమే కుండీలో వేసి వంటింటి కిటికీలో, గదిని వేడిచేసే రేడియేటరుకి కాస్త ఎడంగా పెట్టండి. కాయలు రాకపోవచ్చు. మా ఇంట్లో పోయిన రథసప్తమికి పరమాన్నం పెట్టింది అలా కిటికీలో పెంచిన మొక్క ఆకుల్లోనే.