ఆడిషన్ ఇచ్చాక కబురు రాకపోతే ఎన్నాళ్లు చూడాలి?

ప్రశ్న: మాది వనస్థలిపురం. మా అమ్మాయి బీకాం చివరి పరీక్షలు రాసింది. మూడు వారాల కిందట ఓ నాటక సమాజం కొత్త నాటకానికి ఆడిషన్లు పెడితే వెళ్లింది. బాగా చదివావన్నారట, కబురు చేస్తామన్నారట. ఇంతవరకు ఏమీ లేదు. ఇటు ఓ కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగానికి ఆఫర్ వచ్చింది. పది రోజుల్లో జవాబివ్వాలి. నాటకం వస్తుందేమోనని అమ్మాయి తేల్చడం లేదు. నేనే ఆ సమాజం వాళ్లకు ఫోన్ చేసి కనుక్కోనా?

జవాబు: మీరు చేయకండి. అమ్మాయినే ఒక మెసేజ్ పెట్టమనండి. తండ్రి ఫోన్ చేస్తే, రేపు రిహార్సల్ రాత్రి తొమ్మిదిన్నర దాటిన రోజున వీళ్లింట్లో ఏం గొడవవుతుందోనని దర్శకుడు జంకుతాడు. ఇది న్యాయం కాకపోవచ్చు. కానీ కొత్తవాళ్లకు వేషం ఇచ్చేముందు సమాజాలకుండే మొదటి భయం నటన గురించి కాదు, మధ్యలో మానేస్తారేమోనని. మీరు అడగాల్సినవి ఉన్నాయి, తప్పకుండా అడగాలి కూడా. కాకపోతే అది వేషం ఖాయమయ్యాక.

మూడు వారాలంటే నాటకాల్లో మరీ ఎక్కువేం కాదు. హైదరాబాద్‌లో తెలుగు నాటకాలు వేసేవాళ్లలో చాలామంది పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. సాయంత్రాలు, ఆదివారాలే వాళ్లకు దొరికే సమయం. పాత్రలు తేల్చడానికి దర్శకుడు, రచయిత, సమాజం కార్యదర్శి ఒకచోట కూర్చోవడానికే వారం పడుతుంది. ఆ పైన హాలు సంగతి. రవీంద్రభారతిలో ప్రభుత్వ కార్యక్రమాలు, నృత్యాలు, సన్మానాలు అన్నీ జరుగుతుంటాయి, కోరిన తేదీ దొరకడం కష్టం. అక్కడ కాకపోతే చిక్కడపల్లి త్యాగరాయ గానసభకో మరో చోటికో పరుగెత్తాలి. హాలు తేదీ తేలితే గానీ ఎవరి డేట్లు అడగాలో తెలియదు. తెలియనప్పుడు ఎవరికీ ఏమీ చెప్పరు.

పరిషత్తు పోటీలకు, అంటే నాటక పరిషత్తులు పెట్టే నాటక పోటీలకు, వెళ్లే సమాజమైతే ఆలస్యానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. ముందు ఎంట్రీ పంపాలి, కొన్నిచోట్ల ప్రాథమిక పరిశీలన దాటాలి. అక్కడ ఆగిపోతే నాటకమే ఉండదు, పాత్రల మాట దేవుడెరుగు. పైగా పరిషత్తు నాటికల్లో ఆడపాత్రలు ఒకటో రెండో ఉంటాయి. వాటికి అనుభవమున్న నటీమణుల్ని పారితోషికం ఇచ్చి పిలుచుకోవడం మామూలే. ఆవిడ డేట్లు చెప్పేదాకా కొత్తమ్మాయిని అవుననకుండా, కాదనకుండా ఉంచుతారు. చెడ్డ అలవాటే, కానీ చాలాచోట్ల ఉన్నదే.

ఎంపిక కూడా ఒక్కొక్కరికి మార్కులు వేసి చేసేది కాదు. తండ్రి వేషానికి ఎవరు ఖాయమైతే వాళ్ల పక్కన కూతురుగా ఎవరు నప్పుతారో చూస్తారు. ఎత్తు, వయసు, గొంతు శ్రుతి అన్నీ అందులోకే వస్తాయి. నాయిక గొంతు కీచుగా ఉంటే చెల్లెలికి కాస్త బొంగురు గొంతు వెతుకుతారు, చీకట్లో డైలాగ్ వినిపించినా ఎవరిదో తెలియాలి కదా. ఒక్కరు మారితే మిగతా ముగ్గురూ మారిపోతారు. కాబట్టి ‘బాగా చదివావు’ అన్నమాటకు పెద్ద విలువ కట్టొద్దు, అందరితోనూ అంటారు. ‘అదే డైలాగ్ కోపం లేకుండా చెప్పు’ అని మళ్లీ చదివించారా, ఇంకో నటుణ్ని పక్కన నిలబెట్టి చదివించారా, సాయంత్రాలు ఎన్నింటికి రాగలవని అడిగారా? ఇవి జరిగి ఉంటే గట్టిగానే ఆలోచిస్తున్నారని అర్థం. అయినా హామీ కాదు.

మెసేజ్ ఎప్పుడు పెట్టాలంటే, వాళ్లు ఫలానా తేదీకి చెబుతామని ఉంటే ఆ తేదీ దాటిన రెండు రోజులకు. తేదీ చెప్పకపోతే పదిరోజులకు. మీ అమ్మాయి విషయంలో ఆ గడువు దాటింది కాబట్టి రేపే పెట్టవచ్చు. పొద్దున పది, పదకొండు మధ్య మంచిది. సాయంత్రం ఆరున్నర తర్వాత రిహార్సల్‌లో ఉంటారు, చూసి మరిచిపోతారు. ఆడిషన్‌కు పిలిచిన నంబరుకే పెట్టాలి. అయితే ఆ నంబరు చాలాసార్లు సమాజంలో చిన్నవాళ్లదై ఉంటుంది, నిర్ణయం వాళ్ల చేతిలో ఉండదు. నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే కారణం చాలావరకు అదే. మెసేజ్ ఇలా ఉంటే చాలు:

‘నమస్కారం సర్. గత నెల 18న మీ నాటకానికి ఆడిషన్ ఇచ్చాను, చెల్లెలి పాత్ర చదివాను. పాత్రల ఎంపిక పూర్తయిందా? నాకు వచ్చే నెల నుంచి ఉద్యోగం ఉంటుంది. మామూలు రోజుల్లో సాయంత్రం ఏడు తర్వాత, ఆదివారాలు పూర్తిగా రాగలను. ఈ నెల 30లోగా చెబితే నా డేట్లు చూసుకుంటాను.’ కింద పేరు.

తేదీ, పాత్ర రాయడం ఎందుకంటే వాళ్లు నలభై మందిని చూసి ఉండొచ్చు, పేరుతో మొహం గుర్తురాదు. ‘నాకు చాన్స్ ఉందా సర్, ప్లీజ్’ లాంటివి వద్దు, వాటికి ఏం జవాబివ్వాలో తెలియక వదిలేస్తారు. వారం తర్వాత ఇంకొక్క మెసేజ్, అంతే. ఆ సమాజంలో ఉన్న స్నేహితురాలిని అడిగి ఆరా తీయించడం, ఆడిషన్ ఇచ్చానని స్టేటస్ పెట్టడం, రోజుకో వీడియో పంపడం చెడగొట్టే పనులు. రెండో మెసేజ్‌కూ జవాబు లేకపోతే ఈ నాటకం వరకు లేదనుకుని వేరే ఆడిషన్లు చూసుకోవాలి. కాదన్నారంటే మాత్రం ఒక్కటి అడగొచ్చు: ప్రాంప్టింగ్‌కో (నటులు మరిచిపోతే పక్కనుంచి డైలాగ్ అందించడం), ప్రాపర్టీలు (రంగస్థలం మీద వాడే సామాన్లు) చూడటానికో మనిషి కావాలా అని. రిహార్సల్ గదిలో రోజూ కనిపించే మనిషికి, ఎవరైనా మానేసినప్పుడు వేషం దక్కడం కొత్తేమీ కాదు.

ఇక ఉద్యోగం. ఒప్పుకోమనండి. ఆఫర్‌కు గడువు ఉంది, నాటకానికి ఇంకా తేదీ కూడా లేదు. ఇక్కడి సమాజాల్లో కొత్తవాళ్లకు డబ్బు ఇవ్వరు, ఇస్తే దారిఖర్చులు. మిగతా నటులంతా ఉద్యోగాలు చేస్తూనే వేస్తున్నారు కాబట్టి రిహార్సల్ వేళలు కూడా దానికి తగ్గట్టే ఉంటాయి. చేరేముందు హెచ్ఆర్‌ను ఒక్క మాట అడగాలి, షిఫ్టులు మారతాయా అని. రాత్రి షిఫ్టు ఉంటే నాటకం కుదరదు. నెలాఖరులో అకౌంట్స్ వాళ్లకు పని ఎక్కువ, ప్రదర్శన ఆ రోజుల్లో పడితే ముందే సెలవు పెట్టుకోవాలి.

ఈలోపు జుట్టు కత్తిరించుకోవద్దనండి, ఆడిషన్‌లో చూసిన రూపమే వాళ్ల కళ్లలో ఉంటుంది. చదివిన డైలాగులు మరిచిపోకూడదు, రెండోసారి పిలిస్తే సాధారణంగా అవే చదివిస్తారు. రోజూ అరగంట పైకి చదవాలి. శ, ష, స తేడా, ఒత్తులు పలకడం ఇక్కడి దర్శకులు మొదట పట్టేది. వాక్యం చివరి మాట మింగేయడం కొత్తవాళ్లందరి జబ్బు. ఫోన్‌లో రికార్డు చేసి గది అవతలి నుంచి వింటే దొరికిపోతుంది.

వేషం ఖాయమైతే మీ వంతు. రిహార్సల్ ఎక్కడ, వారానికి ఎన్ని రోజులు, ఎన్నింటికి ఆపుతారు, మొత్తం ఎన్ని ప్రదర్శనలు, ఊళ్లకు వెళితే ఎవరెవరు వెళతారు, బస ఎక్కడ, రాత్రి ఇంటికి దింపేదెవరు. ఇవన్నీ మొహమాటపడకుండా అడగండి. మంచి సమాజం చిరాకుపడదు. రిజిస్ట్రేషన్ అని, ఫొటోల ఖర్చని, వేషం ఖాయం చేయడానికి డిపాజిట్ అని డబ్బు అడిగితే మాత్రం అక్కడికే ఆపేయండి.

ఒక్క నాటకంతో ఆగే ఉత్సాహం కాదనిపిస్తే చదువు దారి ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. ఢిల్లీలో 1959లో మొదలైన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల డిప్లొమా ఉంది. దానికి డిగ్రీ ఉండాలి, కనీసం 6 నాటకాల్లో పాల్గొన్న అనుభవమూ అడుగుతారు. అందుకని ఇక్కడ చేసే ప్రతి చిన్న పనికీ తన పేరు అచ్చయిన కరపత్రమో, బ్రోచరో దాచుకోవాలి. తొలి ఆడిషన్ దాటినవాళ్లను ఢిల్లీకి వర్క్‌షాప్‌కు పిలుస్తారు. అక్కడి ఫలితాలకు ఎవరికీ మెసేజ్ పెట్టనక్కర్లేదు. జాబితా వెబ్‌సైట్‌లో పెడతారు, దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్‌ను స్పామ్ ఫోల్డర్‌తో సహా చూసుకుంటే చాలు.