కాటలాన్ సంఖ్యలు లాగ్-కాన్వెక్స్ అని ఎలా చూపాలి?

వరుసలో ఏ పదం తీసుకున్నా దాని వర్గం, అటూ ఇటూ ఉన్న రెండు పదాల లబ్ధాన్ని మించకపోతే ఆ ధన సంఖ్యల వరుస లాగ్-కాన్వెక్స్. కాటలాన్ సంఖ్యలు (ఉదాహరణకు, కొన్ని జతల బ్రాకెట్లను సరిగ్గా ఎన్ని రకాలుగా అమర్చవచ్చో చెప్పేవి) 1, 1, 2, 5, 14, 42, 132... 5 దగ్గర చూడండి: 5×5 = 25, పక్కవాటి లబ్ధం 2×14 = 28. 14 దగ్గర 196, 210.

నిరూపణకు వర్గాలతో కుస్తీ పట్టక్కర్లేదు. ఒక్కో పదాన్ని దాని ముందు పదంతో భాగించండి: 1, 2, 2.5, 2.8, 3... ఈ నిష్పత్తులు తగ్గకుండా ఉంటే చాలు, రెండూ ఒకే మాట. 0 నుంచి లెక్కపెడితే ఎన్-వ పదంతో దాని తర్వాతి పదాన్ని భాగిస్తే వచ్చే నిష్పత్తి 4 − 6/(ఎన్+2). ఎన్ పెరిగేకొద్దీ తీసేసే భాగం చిన్నదవుతుంది, నిష్పత్తి 4 వైపు ఎక్కుతూనే ఉంటుంది. అంతే, నిరూపణ అయిపోయింది.

నాకు ఇంకా ఇష్టమైన దారి ఒకటుంది. ఈ సంఖ్యలు 0 నుంచి 4 వరకు వ్యాపించిన ఒక సంభావ్యతా విభాజనానికి మొమెంట్లు, అంటే ఆ విభాజనం ప్రకారం వచ్చే యాదృచ్ఛిక విలువ ఘాతాల సగటులు. కోషీ-ష్వార్జ్ అసమానత (రెండు రాశుల లబ్ధపు సగటు వర్గం, వాటి వర్గాల సగటుల లబ్ధాన్ని మించదు) పెడితే ఫలితం నేరుగా వస్తుంది.

పెరిగే వరుసలన్నీ ఇలాంటివే అనుకోకండి. ప్రతి పదం ముందు రెండింటి మొత్తమయ్యే ఫిబొనాచీ వరుసలో (1, 1, 2, 3, 5, 8...) 3×3 = 9, 2×5 = 10; కానీ 5×5 = 25, 3×8 = 24. అక్కడ తేడా గుర్తు ప్రతి అడుగుకూ మారుతుంది.