రొయ్యకు ఎన్ని కాళ్లు

తమ్ముడూ,

చైనా చిత్రకారుడు చీ బైషీ ఇంటి గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. బీజింగ్ వెళ్లి, యూఅర్ హూతోంగ్ అనే సందు వెతుక్కుని, 13వ నంబరు ఇంటి గుమ్మం తొక్కావు. ఆ ఓపిక నాకు బాగా నచ్చింది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

వాకిట్లో విగ్రహం, చుట్టూ గదులు, బల్ల, కుంచెలు అన్నీ రాశావు. మనిషి మాత్రం కనపడలేదు. ఆ ఇల్లు 1955లో ప్రభుత్వం ఆయనకు ఇచ్చింది. అప్పటికే తొంభై దాటిన మనిషి. కొన్ని నెలలుండి, మనసొప్పక, క్వాచె హూతోంగ్‌లోని పాత ఇంటికే వెళ్లిపోయారు. 1926 నుంచీ బొమ్మలు వేసుకున్న చోటు అది. అంటే నువ్వు చూసింది ఆయన ఉండలేకపోయిన ఇల్లు! ఈ సంగతి నీ వ్యాసంలో చివర ఒక్క వాక్యం. నేనైతే అక్కడే మొదలుపెడతాను. అది తెలిశాక ఆ బల్లని, ఆ మంచాన్ని చూసే చూపే మారిపోతుంది.

ఇక ఆయన బొమ్మల్లోని రొయ్యలు. చైనాలోని హునాన్ ప్రాంతపు పల్లెలో పేద రైతు కుటుంబంలో పుట్టి, వడ్రంగం చేసి, చెక్క మీద నగిషీలు చెక్కి బతికినాయన. చెరువులో రొయ్యలు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. అయినా పెద్దవయసులో బతికున్న రొయ్యల్ని గిన్నెలో వేసి బల్ల మీద పెట్టుకుని చూసేవారు. మొదట్లో పొట్ట కింద కాళ్లు ఎక్కువ వేసేవారు. వేసేకొద్దీ తగ్గిస్తూ పోయి, చివరికి ఐదు దగ్గర ఆగారు. నీళ్లు గీయనే లేదు. తెల్ల కాగితమే నీళ్లు. రొయ్య మాత్రం ఈదుతూనే ఉంటుంది.

నువ్వూ కొన్ని కాళ్లు తీసెయ్. కుర్చీల వర్ణన మొత్తం పోయినా నష్టం లేదు. కష్టపడి రాసింది కొట్టేయాలంటే టెన్షన్‌గానే ఉంటుంది, నాకు ఇప్పటికీ ఉంటుంది. పాత ప్రతి దాచుకుని కొత్త కాగితం మీద మొదలుపెట్టు, చెయ్యి తేలికవుతుంది.

ఒకటి మాత్రం వదలొద్దు. మూడో పేజీలో ఒక మామ్మ మనవణ్ణి ఎత్తుకుని రొయ్యల బొమ్మ చూపిస్తోంది. వాడు అద్దం మీద వేలు పెట్టి కాళ్లు లెక్కపెడుతున్నాడు. సగం వాక్యంలో దాటేసి కుర్చీల దగ్గరికి వెళ్లిపోయావు. ఎంత వరకు లెక్కపెట్టాడు? మామ్మ ఏమంది? గుర్తుంటే అది రాసి పంపు.

మీ అన్నయ్య