సంతకం నీదే, అమ్మలూ

విజయనగరం

అమ్మలూ,

మీ అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. నువ్వూ ఆ పిల్లా బిడ్డని కనాలనుకుంటున్నారట, విశాఖలో డాక్టరుని కూడా కలిశారట. రాత్రంతా నాకు కునుకు లేదు. తెల్లారేసరికి మాత్రం, మా గుంటకి ఎంత ధైర్యమే అనిపించింది.

ఫోలిక్ యాసిడ్ ఇప్పట్నించే వేసుకో. రక్తం ఎంతుందో చూపించుకో. పిల్లలు పుట్టడానికి చేసే వైద్యాల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం 21 దాటి 50 లోపు ఆడదానికి మొగుడు లేకపోయినా ఆ వైద్యం చెయ్యొచ్చు. కానీ కాగితాల్లో ఆ పిల్ల పేరు ఎక్కడా రాదు. నా భయమంతా అక్కడే.

నేను నర్సుగా చేరిన కొత్తలో (ఏ ఆస్పత్రో ఎందుకులే) ఒక రాత్రి ఇద్దరాడవాళ్లు ఆటో దిగారు. ఒకామెకి నొప్పులు, మొగుడు వదిలేసిన మనిషి. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది, ఆపరేషన్ అన్నారు డాక్టరుగారు. నేను కాగితం పట్టుకుని "సొంతవాళ్లెవరు?" అన్నాను. రెండో ఆమె లేచింది. "నువ్వేమవుతావు?" అన్నాను. నోరు తెరిచింది, మాట రాలేదు. తలుపేసేశాను. టెక్కలి నుంచి తమ్ముడు వచ్చేదాకా ఆగాం. అంతసేపూ ఆ నొప్పుల మనిషి "నేనే పెడతాను, పెన్నివ్వండి సిస్టర్" అంటూనే ఉంది. పెన్ను నా జేబులోనే ఉంది.

బిడ్డ బతికాడు, ఆలస్యంగా ఏడ్చాడు. తన ముక్కుపుడక "దానికే ఇవ్వండి" అందామె. నేను తమ్ముడి చేతిలో పెట్టాను. ఆ రెండో మనిషి ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని తెల్లార్లూ మెట్ల మీదే కూర్చుంది. వాళ్లు ఒకరికొకరు ఏమవుతారో నాకు అర్థమైంది. తెలీనట్టు ఉన్నాను.

తెలివిలో ఉన్న మనిషికి తన సంతకమే చాలు. మొగుడిదో అన్నదో అడగడం ఆస్పత్రుల అలవాటు, చట్టం కాదు. ఏడో నెలలోనే కేసు షీట్లో ఆ పిల్ల పేరు, నెంబరు రాయించు. జనన ధ్రువపత్రానికి తండ్రి పేరు అడిగితే, తల్లి అఫిడవిట్ చాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పిందను. బిడ్డకి సంరక్షకురాలు ఆ పిల్లేనని వీలునామా కూడా రాసెయ్. అపశకునం అని మీ అమ్మ అంటుంది, అననీ. 2024లో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకి రాసిందట: దగ్గరి బంధువులు లేకపోతే తోడున్నవాళ్లు శవాన్ని తీసుకెళ్లొచ్చని. బతికుండగా తలుపు తియ్యడానికేం వచ్చిందో!

ఇంకోటి. సిరిమానుకి వచ్చినప్పుడు ఆ పిల్లని "ఫ్రెండ్" అన్నావు. నాకు కూడానా? సిగ్గులేదూ?

బాలింత కాయం నేనే దంచుతాను. ఆ పిల్లకీ ఒక ముద్ద పెడతాను, రాత్రుళ్లు మేలుకునేది అదే కదా.

మీ పెద్దమ్మ